డిమ్మర్‌కు లొంగని దీపం

గరివిడి, చీపురుపల్లి వైపు కొత్తగా కడుతున్న ఇళ్లలో హాలుకు ఫాల్స్ సీలింగు, గోడకు మాడ్యులర్ బోర్డు కనిపిస్తున్నాయి. కొందరు ఆ బోర్డులో ఫ్యాను రెగ్యులేటర్ పక్కనే దీపం వెలుగు తగ్గించుకోవడానికి డిమ్మర్ కూడా పెట్టించుకుంటున్నారు. తీరా తిప్పి చూస్తే ఒక ఇంట్లో దీపం అసలు తగ్గదు. ఇంకో ఇంట్లో సగం దాకా తగ్గి మినుకుమినుకుమంటుంది. మరో చోట బోర్డులోంచి జుమ్మని రొద వస్తుంది. ఎలక్ట్రీషియన్ బల్బు మంచిది కాదంటాడు, బల్బు అమ్మినాయన డిమ్మర్ మంచిది కాదంటాడు. ఇంటాయన రెండూ మార్చి చూసి, చివరికి ఆ నాబ్‌ను ఫుల్లులో వదిలేస్తాడు.

నన్నడిగితే ఇద్దరి సరుకూ చాలాసార్లు బాగానే ఉంటుంది. సమస్య ఆ రెండిటి జోడీలో ఉంది. వోల్టేజీ ఎంత పడిపోయినా ఒకే తీరుగా వెలగాలన్నది ఎల్‌ఈడీ బల్బు పని. కరెంటును కోసి దీపాన్ని తగ్గించాలన్నది గోడ మీది డిమ్మర్ పని. మన ఊళ్లలో లోవోల్టేజీ నుంచి మనల్ని కాపాడిన గుణమే బల్బును డిమ్మర్‌కు లొంగకుండా చేస్తోంది. ఈ సంగతి పట్టుబడితే ఏది కొనాలో, ఏది కొనకూడదో చాలావరకు తేలిపోతుంది.

ముందు పాత బల్బు సంగతి. ఫిలమెంటు బల్బులో ఉన్నది ఒక టంగ్‌స్టన్ తీగ, అంతే. వోల్టేజీ తగ్గితే తీగ వేడి తగ్గుతుంది, వెలుగు అంతకంటే వేగంగా తగ్గుతుంది. వోల్టేజీ పది శాతం పడితే వెలుగు దాదాపు ముప్పై శాతం పడుతుంది. చట్టప్రకారం ఇంటికి రావలసింది 230 వోల్టులు, అటూ ఇటూ ఆరు శాతం, అంటే సుమారు 216 నుంచి 244 వరకు. లైను చివరి ఊళ్లలో సాయంత్రం మోటార్లు, ఫ్యాన్లు ఒక్కసారి అందుకున్నాక అరవై వాట్ల బల్బు ఎర్రబడి తీగ మాత్రమే కనిపించిన రోజులు ఉత్తరాంధ్రలో పెద్దవాళ్లందరికీ తెలుసు. ఎవరూ అడగకుండానే, ఏ డిమ్మరూ లేకుండానే దీపం తగ్గిపోయేది.

ఆ తీగ ఎంత నమ్మకంగా వోల్టేజీని అనుసరించేదంటే, ప్రపంచం దాన్నే కొలబద్దగా పెట్టుకుంది. పెద్ద ఆర్క్ ఫర్నేసులు లైను మీద తెచ్చే ఒడిదుడుకులు జనం కంటికి ఎంత చిరాకు కలిగిస్తాయో కొలిచే ఫ్లిక్కర్ మీటర్ అనే పరికరం ఉంది. దాని అంతర్జాతీయ ప్రమాణం 230 వోల్టుల, 60 వాట్ల ఫిలమెంటు బల్బు ఎలా స్పందిస్తుందన్న లెక్క మీదే నిలబడింది. గరివిడివాళ్లకు ఫర్నేసు కొత్త మాట కాదు. 1950వ దశకం నాటి ఫెర్రో అల్లాయ్స్ కంపెనీ ఫేకర్, శ్రీరామనగర్ కాలనీ, చుట్టుపక్కల మాంగనీసు గనులు ఈ ఊరి చరిత్రలో భాగం. మాంగనీసును కరిగించి ఫెర్రో మాంగనీసు చేసే కొలిమిలో ఎలక్ట్రోడ్లు ముడిసరుకులో మునిగి ఉంటాయి కాబట్టి, ఇనుప తుక్కును కరిగించే ఆర్క్ ఫర్నేసు అంత ఎగుడుదిగుడుగా అది కరెంటు లాగదు. పరిశ్రమల వల్ల దీపం ఊగడమనే సంగతి ఇంజనీర్లను దశాబ్దాల పాటు పట్టి ఉంచిందని చెప్పడానికే ఈ ప్రస్తావన. ఆ ఊగిసలాటను ఇంట్లో కనపడకుండా చేసింది ఎల్‌ఈడీ బల్బు.

అది మన ప్రాంతానికి చాలా ముందుగానే వచ్చింది. 2014 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో ఇంటింటికీ ఎల్‌ఈడీ బల్బుల పథకం మొదలైనప్పుడు తొలి విడత జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. గుంటూరు, అనంతపురం, పశ్చిమ గోదావరి మిగతావి. పాత బల్బులు ఇచ్చి, ఒక్కోదానికి పది రూపాయల చొప్పున రెండు ఏడు వాట్ల ఎల్‌ఈడీ బల్బులు తెచ్చుకున్నారు. అదే ఏడాది అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటి ఉత్తరాంధ్ర మూడు జిల్లాల కరెంటు స్తంభాలనూ పడగొట్టింది. ఆ తర్వాత విశాఖ వీధి దీపాలు కూడా ఎల్‌ఈడీలయ్యాయి. 2015 జనవరిలో జాతీయ స్థాయిలో మొదలై, తర్వాత ఉజాలాగా పేరుపడిన పథకం కింద దేశమంతటా 36 కోట్లకు పైగా బల్బులు వెళ్లాయి. 2014 మొదట్లో ప్రభుత్వ సంస్థ 310 రూపాయలకు కొన్న బల్బు 2016 నాటికి 38 రూపాయలకు దిగింది. ఇంత తక్కువ కాలంలో ఇంత మంది పేదల ఇళ్లలో వెలుగు నాణ్యత పెరగడం చిన్న విషయం కాదు. ఆ ధరకు రావాలంటే బల్బులోంచి అక్కర్లేనిదల్లా తీసేయాలి. అలా తీసేసిన వాటిలో డిమ్మర్‌ను అర్థం చేసుకునే భాగం ఒకటి.

కాలిపోయిన తొమ్మిది వాట్ల బల్బు ఒకటి తీసుకుని, పైన తెల్లటి ప్లాస్టిక్ టోపీని గట్టిగా ఒత్తి తిప్పితే ఊడి వస్తుంది. లోపల గుండ్రటి అల్యూమినియం ప్లేటు, దాని మీద పసుపుపచ్చ చుక్కల్లాంటి ఎల్‌ఈడీలు. వీటిలో ఒకటి నల్లగా మాడి ఉంటే బల్బు పోవడానికి అదే కారణం. ప్లేటు కింద చిన్న బోర్డు మీద డయోడ్లు, ఒక చిప్పు, చుట్టిన తీగ, ఇంకా 400 వోల్టులని రాసి ఉన్న గొట్టంలాంటి కెపాసిటర్ ఉంటాయి. దీన్నే డ్రైవర్ అంటారు. ఎల్‌ఈడీలకు వెళ్లే కరెంటును ఒకే అంకె దగ్గర పట్టి ఉంచడం చిప్పు పని. బయట 150 వోల్టులున్నా 260 ఉన్నా మంచి డ్రైవర్ వెలుగును మారనివ్వదు. బల్బులు బాగుచేసే దుకాణాల్లో దొరికే డీఓబీ (డ్రైవర్ ఆన్ బోర్డ్) ప్లేటుది ఇంకో పద్ధతి. అందులో చిప్పు కూడా ఎల్‌ఈడీల ప్లేటు మీదే ఉంటుంది. చాలా వాటిలో ఆ పెద్ద కెపాసిటర్ ఉండదు, ఉన్నా బాగా చిన్నది. అందుకే అవి చవక, అందుకే వాటి వెలుగు సెకనుకు వందసార్లు లోపల్లోపల కొట్టుకుంటుంది.

ఇక డిమ్మర్. ఇంటి గోడలో ఇమిడే ఎలక్ట్రానిక్ డిమ్మర్‌ను అమెరికాలో జోయెల్ స్పైరా అనే ఇంజనీరు 1959లో తయారుచేసి, 1961లో లూట్రాన్ కంపెనీ పెట్టాడు. అంతకుముందు రంగస్థలాల మీద వాడిన డిమ్మర్లలో చాలావి మిగులు కరెంటును వేడిగా తగలేసే పెద్ద రెసిస్టెన్సులు. కొత్త పద్ధతిలో కరెంటును తగలేయడం లేదు, కోయడమే. మన కరెంటు సెకనుకు యాభైసార్లు ముందుకూ వెనక్కూ ఊగుతుంది కాబట్టి వంద అరఅలలుంటాయి. ప్రతి అరఅల మొదట్లో ట్రయాక్ అనే స్విచ్చు మూసుకుని ఉండి, కాసేపయ్యాక తెరుచుకుంటుంది. నాబ్ తిప్పితే ఆ 'కాసేపు' పెరుగుతుంది, దీపానికి అందే ముక్క చిన్నదవుతుంది. ఫిలమెంటు బల్బుకు ఇది చక్కగా సరిపోయింది. తీగ వేడి అంత త్వరగా చల్లారదు కాబట్టి కోతలు కంటికి తెలియవు.

ఇదే డిమ్మర్ ముందు ఎల్‌ఈడీ బల్బు పెడితే తగాదా రెండు చోట్ల వస్తుంది. మొదటిది, ట్రయాక్ ఒకసారి తెరుచుకున్నాక తెరుచుకునే ఉండాలంటే దాని గుండా కొంత కనీస కరెంటు పోతూ ఉండాలి. రకాన్ని బట్టి అది కొద్ది మిల్లీయాంపుల నుంచి యాభై దాకా ఉంటుంది. అరవై వాట్ల ఫిలమెంటు బల్బు 260 మిల్లీయాంపులు లాగేది. తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ లాగేది నలభై, కాస్త నాసిరకమైతే ఎనభై. అది కూడా ఏకధాటిగా కాదు. అల శిఖరం దగ్గర గుటుక్కున మింగి, తర్వాత ఊరుకుంటుంది. కరెంటు ఆగగానే ట్రయాక్ మూసుకుంటుంది, మళ్లీ తెరుచుకోవడానికి చూస్తుంది, ఒక అరఅలలో తెరుచుకుని ఇంకోదాంట్లో తప్పుతుంది. కంటికి మినుకుమినుకుగా కనిపించేది ఇదే. పాత డిమ్మర్ల మీద 'కనీసం 40 వాట్లు' అని, '60 వాట్లు' అని రాసేది ఇందుకే.

రెండో తగాదా పైహద్దు దగ్గర. ట్రయాక్ తెరుచుకునే వేళకు అల అప్పటికే ఎత్తులో ఉంటుంది. బల్బులోని ఖాళీ కెపాసిటర్ ఒక్క పెట్టున నిండుతుంది. కరెంటు ఎగిసిపడుతుంది, అదీ సెకనుకు వందసార్లు. డిమ్మర్‌లో రొద, వేడి ఇక్కడి నుంచే వస్తాయి. మీడియం వేవులో ఆకాశవాణి విశాఖపట్నం వినేవాళ్లకు రేడియోలో వచ్చే గరగరకు కూడా మూలం ఇదే కావచ్చు. అందుకే బ్రిటన్ ఎలక్ట్రీషియన్లు ఇలాంటి పాత తరహా డిమ్మర్ సామర్థ్యంలో పదో వంతే ఎల్‌ఈడీలకు లెక్కవేస్తారు. మన బోర్డులోని 400 వాట్ల డిమ్మర్‌కు ఆ లెక్కన పైహద్దు 40 వాట్లు. కిందిహద్దు కూడా 40 వాట్లే అయితే సరిగ్గా పనిచేయడానికి మిగిలిన జాగా ఎంత? హాల్లో ఆరు ఆరేసి వాట్ల సీలింగు లైట్లు పెట్టినా మొత్తం 36 వాట్లు. అంటే డబ్బా మీది 400 అంకెను నమ్ముకున్న మనిషి మొదటి రోజే గీత కింద ఉన్నాడు.

ఇంతకంటే పెద్ద పొరపాటు ఇంకోటుంది. డిమ్మర్ దొరకలేదని ఫ్యాను రెగ్యులేటర్‌నే దీపానికి తగిలించడం. ఇప్పటి స్టెప్ రెగ్యులేటర్లో ఉండేవి కెపాసిటర్లు. 75 వాట్ల ఫ్యాను మూడు వందల మిల్లీయాంపులకు పైగా లాగుతుంది కాబట్టి కెపాసిటర్ దగ్గర గణనీయంగా వోల్టేజీ పడి ఫ్యాను నెమ్మదిస్తుంది. నలభై మిల్లీయాంపులు లాగే ఎల్‌ఈడీ దగ్గర 2.2 మైక్రోఫారడ్ల కెపాసిటర్ చేసేది ఏమీ లేదు. లెక్క వేస్తే బల్బుకు ఇంకా 220 వోల్టుల పైనే అందుతుంది. డ్రైవర్ దాన్ని అసలు పట్టించుకోదు. తగ్గని దీపం కోసం రోజూ ఆ కెపాసిటర్ కుదుపులు తిని డ్రైవర్ ముందుగా పోవచ్చు. ఈ పని చేసిపెట్టమని ఎవరూ ఎలక్ట్రీషియన్‌ను ఒత్తిడి చేయవద్దు. అతను చేయనంటే అతని మాట వినండి.

డిమ్మర్‌తో కలిపి చెప్పే ఫిర్యాదు ఒకటి నిజానికి డిమ్మర్‌ది కాదు. "స్విచ్చి కట్టేసినా దీపం ఆరట్లేదు బాబూ" అని ఊళ్లలో అంటుంటారు. చీకట్లో బల్బు సన్నగా వెలుగుతూ ఉంటుంది, లేదా కొన్ని సెకన్లకోసారి చటుక్కున మెరిసి ఆరుతుంది. స్విచ్చులో ఎర్రటి ఇండికేటర్ ఉంటే దాని గుండా కారే అతి తక్కువ కరెంటు బల్బులోని కెపాసిటర్‌ను మెల్లగా నింపుతుంది. నిండగానే చిప్పు లేస్తుంది, మెరుస్తుంది, కరెంటు చాలక పడుకుంటుంది. ఇది చిరాకే తప్ప ప్రమాదం కాదు. రెండో కారణం మాత్రం ప్రమాదమే. స్విచ్చు ఫేజుకు బదులు న్యూట్రల్‌ను తెంచుతుంటే, ఆపిన తర్వాత కూడా హోల్డర్‌లో కరెంటు ఉంటుంది. బల్బు మార్చబోయి షాకు తినేది అక్కడే. స్విచ్చు ఆపి ఉన్నప్పుడు హోల్డర్ దగ్గర టెస్టర్ వెలిగిందంటే ఎలక్ట్రీషియన్ చేత వైరింగు సరిచేయించాకే మిగతా మాట. డిమ్మర్ నాబ్‌ను కిందికి తిప్పినంత మాత్రాన లైను తెగినట్టు కాదన్నదీ గుర్తుండాలి. డిమ్మర్ వైరింగు మీదో ఆ దీపం మీదో చేయి వేసే ముందు ఎంసీబీ దించాల్సిందే.

ఇక దారులు. గోడ మీది డిమ్మర్‌తోనే కావాలనుకుంటే రెండూ కలిసి మారాలి. బల్బు డబ్బా మీద 'డిమ్మబుల్' అని స్పష్టంగా ఉండాలి. దాని డ్రైవర్ కోసిన అలను చూసి ఎంత తగ్గించమంటున్నారో గ్రహించి, కరెంటును తానే తగ్గించుకుంటుంది. డిమ్మర్ ట్రెయిలింగ్ ఎడ్జ్ రకానిది అయితే మేలు. ఇది అరఅల మొదట తెరిచి, చివర్లో కోస్తుంది. ట్రయాక్‌కు బదులు మాస్‌ఫెట్ వాడుతుంది కాబట్టి కెపాసిటర్ మెల్లగా నిండుతుంది, రొద ఉండదు, తక్కువ వాట్లకూ పనిచేస్తుంది. కిందిహద్దును సరిచేసుకునే చిన్న స్క్రూ ఉన్నది దొరికితే ఇంకా మంచిది. దీపం ఎక్కడ ఊగడం మొదలవుతుందో చూసి, దానికి కాస్త పైన ఆపేయవచ్చు. 2013లో అమెరికా విద్యుత్ పరికరాల తయారీదారుల సంఘం నెమా ఈ జోడీ కుదరడానికి ఎస్‌ఎస్‌ఎల్ 7ఏ అనే ప్రమాణం కూడా పెట్టింది. మన దగ్గర ఎల్‌ఈడీ బల్బుకు ఐఎస్ 16102 ప్రమాణం, బీఐఎస్ రిజిస్ట్రేషన్ ఉన్నాయి. అయితే ఆ రిజిస్ట్రేషన్ నంబరు భద్రతకు హామీ మాత్రమే, ఏ డిమ్మర్‌తో కుదురుతుందో అది చెప్పదు. చిన్న ఊరి దుకాణంలో ఇలాంటి డిమ్మరూ బల్బూ ఒకేసారి దొరకడం కష్టం. విజయనగరంలోనో విశాఖలోనో తీసుకోవాల్సి రావచ్చు. ఆరు లైట్లకు ఆరూ కొనేయకుండా, ముందు ఒక డిమ్మరూ రెండు బల్బులూ తెచ్చి బల్ల మీద కలిపి చూసుకున్నాకే మిగతావి కొనాలి.

మన బోర్డుల్లో ఒక సదుపాయం ఉంది. చాలా ఇళ్లలో స్విచ్చుల పక్కనే ఫైవ్ యాంప్స్ ప్లగ్గు ఉంటుంది కాబట్టి న్యూట్రల్ బోర్డులోకి వచ్చే ఉంటుంది. పాశ్చాత్య దేశాల్లో పాత ఇళ్ల స్విచ్చుబాక్సుల్లో అది ఉండక, రెండు వైర్ల డిమ్మర్ బల్బు గుండానే తన కరెంటు తెచ్చుకోవలసి వస్తుంది. వాళ్ల ఇబ్బందుల్లో సగం అక్కడివే. మనం న్యూట్రల్ కలిపే మూడు వైర్ల డిమ్మర్ ఎంచుకుంటే ఆ గొడవే ఉండదు.

ఇన్వర్టర్ సంగతి మాత్రం మనకు ప్రత్యేకం. తుపాను కాలంలో రోజుల తరబడి కరెంటు పోయే ప్రాంతం మనది. 2018 అక్టోబరులో పలాస వైపు తిత్లీ వచ్చినప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఎన్ని ఊళ్లు చీకట్లో ఉన్నాయో చూశాం. చవకగా దొరికే స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ ఇచ్చే కరెంటు నున్నటి అల కాదు, నిటారుగా లేచి నిటారుగా పడుతుంది. అల సున్నాను దాటే చోటు చూసి కోత మొదలుపెట్టే డిమ్మర్‌కు అది తికమక. లైను మీద చక్కగా పనిచేసిన జోడీ ఇన్వర్టర్ మీద రొద పెడుతుంది, మినుకుతుంది. డిమ్మర్ ఉన్న దీపాలను ఇన్వర్టర్ లైనులో కలపకపోవడం మంచిది. కలపక తప్పదంటే సైన్ వేవ్ ఇన్వర్టర్ ఉండాలి.

నాకు ఎక్కువ నచ్చే దారి, గోడను వదిలేసి దీపంలోనే తగ్గించుకునే ఏర్పాటు చూసుకోవడం. ఫాల్స్ సీలింగు అంచులో పెట్టే 12 వోల్టుల, 24 వోల్టుల స్ట్రిప్ లైట్లకు అడాప్టర్ తర్వాత చిన్న కంట్రోలర్ పెడితే, అది ఎల్‌ఈడీలను సెకనుకు వందలు వేలసార్లు వెలిగించి ఆర్పుతూ వెలుగు తగ్గిస్తుంది. డ్రైవర్‌తో తగాదా ఉండదు. హాలుకు ఇది చాలు. మామూలు బల్బు కావాలనుకుంటే, ఉన్న స్విచ్చునే టకటకా ఆపి వేస్తే మెట్టుమెట్టుగా వెలుగు మారే రకాలున్నాయి. ఫిలిప్స్ సీన్‌స్విచ్ ఈ తరహాదే. వైరింగులో ఏ మార్పూ అక్కర్లేదు, ముసలివాళ్లు కూడా ఒక్క పూటలో నేర్చుకుంటారు. ఫోనుతో నడిచే వైఫై బల్బులు బాగా తగ్గుతాయి గాని, స్విచ్చు ఎప్పుడూ వేసే ఉంచాలి, డిమ్మర్ మీద అసలు పెట్టకూడదు. ఇంట్లో అందరి చేతికీ అందని దీపం నాకు పెద్దగా రుచించదు. అర్ధరాత్రి లేచిన అమ్మమ్మ ఫోను వెతుక్కోకూడదు.

చాలా ఇళ్లకు అసలు కావలసింది డిమ్మర్ కాదు, రెండో దీపం. పాతరోజుల్లో జీరో బల్బు చేసిన పని అది. పేరుకు జీరో గాని అది పది పదిహేను వాట్లు తినేది. ఇప్పుడు అర వాటు ఎల్‌ఈడీ నైట్ ల్యాంపు అదే పని చేస్తుంది. పసిబిడ్డ ఉన్న గదికీ బాత్రూం దారికీ ఇంతకంటే నమ్మకమైనది లేదు.

రంగు విషయం ఎవరూ చెప్పరు గాని నా దృష్టిలో చాలా ముఖ్యం. ఫిలమెంటు తగ్గేకొద్దీ ఎర్రబడేది, గది వెచ్చగా కనిపించేది. ఎల్‌ఈడీ తగ్గినా దాని రంగు మారదు. మన దగ్గర అందరూ కొనేది 6500 కెల్విన్ తెల్ల వెలుగు. దాన్ని పావు వంతుకు తగ్గిస్తే హాలు మబ్బు పట్టినట్టు పాలిపోయి కనిపిస్తుంది. తగ్గించుకునే దీపానికి 2700 నుంచి 3000 కెల్విన్ వార్మ్ వైట్ ఎంచుకోవాలి. ఇంకో మాట. కంటి లెక్క వేరు, మీటరు లెక్క వేరు. వెలుగును కొలతలో పదో వంతుకు దించితే కంటికి సుమారు మూడో వంతుగా తోస్తుంది. పది శాతం వరకే తగ్గే బల్బు రాత్రిపూట సినిమా చూసేటప్పుడు ఇంకా ఎక్కువగానే అనిపిస్తుంది. కొనేటప్పుడు 'ఎంత శాతం దాకా తగ్గుతుంది' అని అడగాల్సింది ఇందుకే.

కరెంటు బిల్లు కోసం డిమ్మర్ పెట్టాలనుకుంటే వద్దనే చెబుతాను. తొమ్మిది వాట్ల బల్బును రోజుకు నాలుగు గంటలు సగానికి తగ్గించి వాడితే ఏడాదికి మిగిలేది ఆరున్నర యూనిట్లు. ఈపీడీసీఎల్ బిల్లులో అది కనిపించదు.

కంటికి తెలియని మినుకుకు మాత్రం ఎక్కువ విలువ ఇవ్వాలి. సెకనుకు వందసార్లు కొట్టుకునే వెలుగు చూపుకు అందకపోయినా కొందరికి తలనొప్పి, కళ్ల అలసట తెస్తుంది. విద్యుత్ ఇంజనీర్ల సంస్థ ఐట్రిపుల్‌ఈ 2015లో ఇచ్చిన సిఫారసు ప్రకారం వంద హెర్ట్‌జ్ దగ్గర ఆ ఊగు ఎనిమిది శాతం లోపు ఉంటే ఇబ్బంది తక్కువ. ఇంట్లో దాన్ని కొలిచే పరికరం ఉండదు గాని ఫోను ఉంటుంది. స్లో మోషన్ వీడియో పెట్టి దీపం వెలుగు పడిన తెల్లగోడను తీస్తే, నాసిరకం బల్బు అయితే గోడంతా కొట్టుకుంటూ కనిపిస్తుంది. డిమ్మర్‌ను పూర్తిగా పెంచి ఒకసారి, బాగా తగ్గించి ఒకసారి తీయాలి. తగ్గించినప్పుడే లోపం బయటపడుతుంది. పిల్లలు చదువుకునే గదిలో ఇది తప్పనిసరిగా చూడాలి.

ఇల్లు కట్టే దశలోనే ఉన్నవాళ్లకు పని ఇంకా తేలిక. సీలింగు మూయక ముందే ప్రతి లైటు బోర్డుకూ న్యూట్రల్ లాగించండి. సీలింగు అంచు నుంచి బోర్డు దాకా పైపులో రెండు సన్నటి వైర్లు అదనంగా వదలండి, ఎప్పుడైనా స్ట్రిప్ కంట్రోలర్‌కు పనికొస్తాయి. లైట్ల డ్రైవర్లు చేతికందే చోట, తీసే మూత కింద ఉండాలి. అవి ఎల్‌ఈడీల కంటే చాలాసార్లు ముందు పోతాయి. ఎలక్ట్రీషియన్‌కు చివరి డబ్బులిచ్చే ముందు చీకటి పడ్డాక పిలిచి, లైను మీద ఒకసారి, మెయిన్ ఆపి ఇన్వర్టర్ మీద ఒకసారి, ప్రతి డిమ్మర్‌నూ పైనుంచి కిందికి అతని చేతనే తిప్పించండి. ఏ దీపం ఎక్కడ మినుకుమందో గోడ మీద పెన్సిలుతో గుర్తు పెట్టించి, వాటిని మార్పించాకే లెక్క ముగించండి.